డిమాండ్ రేఖను తడిమి చూడొచ్చా: ఒక సెమిస్టర్ ప్రాజెక్టు డైరీ

డిసెంబరు, క్లాసులు మొదలవకముందు

ఈ సెమిస్టర్‌లో బీఏ మొదటి సంవత్సరం పిల్లలకు మైక్రో ఎకనామిక్స్ నా పేపరు. నోట్సు, బోర్డు దగ్గర చెప్పే తీరు, అసైన్‌మెంట్లు, ఈ మూడింటినీ మార్చి చూడాలనుకుంటున్నాను. జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసిపెడతాను. ఇంకెవరైనా మొదలుపెడితే పనికొస్తుంది.

ముందు క్లాసు సంగతి చెప్పాలి. ఒకమ్మాయికి చూపు బొత్తిగా లేదు. పదో తరగతి దాకా ప్రత్యేక పాఠశాలలో చదివింది. ఫోన్లో టాక్‌బ్యాక్, ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ (రెండూ తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు) ఎంత వేగంగా నడుపుతుందంటే పక్కన కూర్చున్న మనకు ఒక్క ముక్క అర్థం కాదు. ఒకబ్బాయికి వినికిడి తక్కువ. చెవికి మిషన్ ఉంది గానీ బ్యాటరీ అయిపోయిన రోజు ఎవరికీ చెప్పడు, తలూపుతూ కూర్చుంటాడు. సగానికి పైగా ఇంటర్ దాకా తెలుగు మీడియం వాళ్లే. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయిపోయింది కాబట్టి వాళ్లకు ఎకనామిక్స్ కంటే ముందు వాక్యాలే అడ్డం పడతాయి. ఇక మాది ప్రకాశం జిల్లా. సంక్రాంతి దాటితే మిరపకోతలు. హాజరు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మెడికల్ షాపుల్లో, పెట్రోలు బంకుల్లో రాత్రి డ్యూటీ చేసి పొద్దున క్లాసుకొచ్చి కునుకుతీసేవాళ్లు ఇంకొందరు.

ఇన్ని రకాల పిల్లలకు ఒక్కొక్కరికీ ఒక్కో ఏర్పాటు చేయడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. యూనివర్సల్ డిజైన్ మీద మనసు పోయింది అందుకే. ఇది భవనాల నుంచి వచ్చిన ఆలోచన. రోనాల్డ్ మేస్ అనే అమెరికన్ ఆర్కిటెక్ట్‌కి చిన్నప్పుడే పోలియో వచ్చింది, చక్రాల కుర్చీలోనే తిరిగేవాడు. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఆయనా, ఆయనతో పనిచేసినవాళ్లూ కలిసి 1997లో 7 సూత్రాలు రాశారు. మెట్లు కట్టేశాక ఎవరో అడిగారని పక్కన రాంపు అతికించే బదులు, ప్లాను గీసేటప్పుడే అందరూ వెళ్లగలిగే దారి గీయమంటారు. దీన్ని పాఠాల్లోకి తెచ్చింది 1984లో మసాచుసెట్స్‌లో మొదలైన కాస్ట్ అనే సంస్థ. పిల్లల్ని పాఠంలోకి లాగే దారి, విషయాన్ని అందించే దారి, నేర్చుకున్నది చూపించే దారి, ఈ మూడింట్లో దేనికీ ఒకే ఒక్క మార్గం పెట్టి ఊరుకోవద్దంటుంది. వాళ్ల మార్గదర్శకాలు 2008లో మొదట వచ్చాయి, 2024లో మూడో రూపం విడుదలైంది. మొత్తం 9 మార్గదర్శకాలు, వాటి కింద మళ్లీ బోలెడు పిల్ల అంశాలు. అన్నీ నెత్తికెత్తుకుంటే ఒక్కటీ పూర్తికాదు.

దీన్ని చాలామంది 'లెర్నింగ్ స్టైల్స్'తో కలిపేస్తారు. ఒకడు చూసి నేర్చుకునే రకం, ఒకడు విని నేర్చుకునే రకం అని పిల్లలకు లేబుళ్లు అంటించే ఆ పద్ధతికి సరైన రుజువులు దొరకలేదు. ఇక్కడ ఎవరికీ లేబుల్ అక్కర్లేదు. ఒకే పిల్ల ఒక రోజు నోట్సు చదువుకుంటుంది, బస్సులో ఉన్న రోజు వింటుంది, అంతే.

డిసెంబరు, నోట్సు పని

ఎక్కువ సమయం తిన్నది ఇదే. తెలుగులో పాఠాలు చెప్పే ప్రతి కాలేజీకీ ఈ తలనొప్పి ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మా డిపార్ట్‌మెంటులో ఏళ్ల తరబడి చేరిన తెలుగు నోట్సు, క్వశ్చన్ బ్యాంకులు ఉన్నాయి. అన్నీ డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించినవి. కంటికి చక్కటి తెలుగు. కంప్యూటర్‌కి మాత్రం అది తెలుగు కాదు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడ్‌లు. వాటికి తెలుగు వేషం వేసేది ఫాంటు. పీడీఎఫ్‌లోంచి ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే సంగతి బయటపడుతుంది. ఆ ఫైలును స్క్రీన్ రీడర్ చేతిలో పెడితే ఏం చదువుతుందో విందామని అమ్మాయిని అడిగాను. హెడ్‌ఫోన్ తీసేసి స్పీకర్ పెట్టింది. గుర్తులూ పొడి అక్షరాలూ గడగడా వినిపించాయి. "చూశారా మేడమ్, ఏదో మంత్రం చదువుతోంది" అంది. మొదటి సెమిస్టర్ అంతా పక్కవాళ్లు చదివి పెడితే విని నెట్టుకొచ్చిందట.

స్కాన్ చేసిన పుస్తకాలదీ అదే కథ. పేజీ మొత్తం ఒక ఫొటో. ఫొటోలో అక్షరాలు ఉండవు కదా, చదవడానికేమీ దొరకదు.

అందుకని ఈ పేపరు నోట్సంతా యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తించే కోడ్‌లోకి, మార్చాలని కూర్చున్నాను. అను నుంచి యూనికోడ్‌కి మార్చే సాధనాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పని బాగానే చేస్తాయి గానీ ఒత్తుల దగ్గర తడబడతాయి. స్కాన్ పేజీలను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు వస్తాయి. టేబుళ్లు మాత్రం చెల్లాచెదురవుతాయి, వాటిని చేత్తో కొట్టుకోవడమే మేలు. ఫాంటు కోసం వెతుక్కోనవసరం లేదు. విండోస్‌లో నిర్మలా ఎప్పుడూ ఉంటుంది. ప్రింటు అందంగా కావాలంటే మండలి, రామభద్ర ఉచితంగా దొరుకుతాయి.

అచ్చుతప్పులు దిద్దే పని ఒక్కదాన్నీ చేయలేనని నలుగురు పిల్లలకు తలా ఒక యూనిట్ పంచాను. ఎవరి యూనిట్ వాళ్లు పాత నోట్సుతో పక్కపక్కన పెట్టి దిద్దాలి. ఒక లాభం నేను అనుకోనిది. 'ఉపాంత ప్రయోజనం' (ఇంకొక్కటి వాడితే అదనంగా దక్కే తృప్తి) దిద్దిన అబ్బాయి ఆ పాఠం నేను చెప్పకముందే అందులో ఒక ఉదాహరణ తప్పని పట్టుకొచ్చాడు.

కాపీరైట్ సంగతేంటని ఒక సహోద్యోగి అడిగారు, న్యాయమైన ప్రశ్నే. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు, వైకల్యం ఉన్నవాళ్లు చదువుకోవడానికి వీలుగా పుస్తకాన్ని వేరే రూపంలోకి మార్చుకోవడానికి వెసులుబాటు ఇచ్చారు. చూపులేనివాళ్ల కోసం వచ్చిన మర్రాకెష్ ఒప్పందాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం కూడా మనదే, 2014లో. అయితే ఆ వెసులుబాటు ఆ అమ్మాయికి. ఎవరిదో పుస్తకం మొత్తం మార్చి క్లాసు గ్రూపులో పడేయడానికి కాదు. అందరికీ ఇచ్చేది మా సొంత నోట్సు మాత్రమే.

నోట్సు రూపం ఇలా కుదిరింది. ప్రతి అంశానికి ముందు ఇంగ్లీషులో చిన్న వాక్యాలు, పరీక్షలో రాయాల్సినవి. కింద తెలుగులో వివరణ. 'ఎలాస్టిసిటీ' పక్కనే 'వ్యాకోచత్వం', 'ఈక్విలిబ్రియం' పక్కనే 'సమతౌల్యం'. శీర్షికలను బోల్డ్ చేసి వదలకుండా వర్డ్‌లో హెడ్డింగ్ స్టైల్ పెట్టాను. కంటికి రెండూ ఒకటే. ఎన్‌వీడీఏలో మాత్రం హెడ్డింగ్ పెట్టినచోట 'హెచ్' మీట నొక్కితే తర్వాతి శీర్షికకు ఎగిరిపోవచ్చు. లేకపోతే ముప్పై పేజీలూ వరసగా వినాల్సిందే. ఫోన్లో చదివే పిల్లలకూ అదే శీర్షికల పట్టీ పక్కన కనిపిస్తుంది.

ఇంకో సంగతి, ఫైలు సైజు. పాత స్కాన్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేస్తే రోజు డేటా అయిపోయిందని పిల్లలు గొణిగేవాళ్లు. కొత్త ఫైలు ఒక ఫొటో అంత కూడా లేదు. యూనివర్సల్ డిజైన్ గురించి నేను ఎంత చెప్పినా చెవికెక్కని వాళ్లకు ఇదొక్కటి బాగా నచ్చింది.

జనవరి, మొదటి క్లాసులు

బోర్డు దగ్గర నా మాటలు ఫోన్లో రికార్డు చేసుకుని విన్నాను. "ఇది ఇలా పెరిగితే ఇది ఇటు జరుగుతుంది, అప్పుడు ఇక్కడ నుంచి ఇక్కడికి వస్తాం." చెయ్యి కనిపించకపోతే ఇందులో ఏముంది? ఇప్పుడు చెప్పే తీరు ఇది: "నిలువు గీత మీద ధర. ధర పది నుంచి పన్నెండుకు ఎక్కితే, అడ్డగీత మీద కొనే పరిమాణం ఎనభై నుంచి డెబ్భైకి తగ్గుతుంది." మొదట్లో నత్తనడకగా అనిపించింది. వారం గడిచేసరికి వెనక బెంచీవాళ్ల నోట్సులో బొమ్మ పక్కన అంకెలు కనిపించడం మొదలైంది.

రెండో అలవాటు, బోర్డు వైపు తిరిగి మాట్లాడకపోవడం. రాయడం ఆపి, ఇటు తిరిగి, అప్పుడు మాట్లాడాలి. వినికిడి తక్కువైన అబ్బాయికి పెదవులు కనిపించాలి. పైగా మా గదిలో ఫ్యాన్లు తిరుగుతుంటే జల్లెడలో రాళ్లు పోసి ఊపినట్టుంటుంది. చెవి మిషన్ నా గొంతునీ పెంచుతుంది, ఫ్యాన్ చప్పుడునీ పెంచుతుంది. అతణ్ని ముందు బెంచీకి రమ్మంటే రాలేదు. నేను బలవంతం చేయలేదు, పదిమందిలో వేరుగా కూర్చోబెడితే ఎవరికైనా కష్టమే. బదులుగా బెంచీలు మూడువైపులా తిప్పి వేయించాను. మెడలో వేసుకునే చిన్న మైకు, దాని స్పీకరు కొన్నాను. గొంతు నొప్పి తగ్గిన మాట నిజం.

చర్చల్లో ఒక నియమం పెట్టాం. మాట్లాడేవాళ్లు చెయ్యెత్తాలి, పేరు చెప్పి మొదలుపెట్టాలి. చెయ్యెత్తితే ఎటు చూడాలో ఆ అబ్బాయికి తెలుస్తుంది. పేరు చెబితే ఎవరు మాట్లాడుతున్నారో ఈ అమ్మాయికి తెలుస్తుంది. నాకు క్లాసు మొత్తం పేర్లు వచ్చేశాయి.

అతని ఫోన్లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ కూడా పెట్టి చూశాం. మనం మాట్లాడింది అక్షరాల్లో తెర మీద వస్తుంది. శుద్ధంగా తెలుగు మాట్లాడితే తెలుగు బాగానే పడుతుంది. కానీ ఎకనామిక్స్ క్లాసులో ఎవరు అలా మాట్లాడతారు? ఇంగ్లీషు పదం వచ్చినప్పుడల్లా అది తికమక పడి, ఏదో దగ్గరి తెలుగు మాటను పట్టుకుంటుంది. దీన్ని నమ్ముకుని నడవలేం. ముఖ్యమైన పదాలు ముందే బోర్డు పక్కన రాసిపెట్టి, యాప్‌ను సాయంగా మాత్రం ఉంచాం.

జనవరి, సంక్రాంతి తర్వాత: బొమ్మలు

మైక్రో ఎకనామిక్స్ అంటేనే బొమ్మలు. చూపు లేని పిల్లలకు ఇన్నాళ్లూ మనం చెప్పే మాట, "ఆ బొమ్మ వదిలేయమ్మా, థియరీ రాయి చాలు" అని. వదిలేస్తే పాఠంలో సగం పోతుంది.

టైలర్లు గుడ్డ మీద గీత దించడానికి వాడే పళ్ల చక్రం ఒకటి తెచ్చాను. మందపాటి డ్రాయింగ్ షీటు కింద రబ్బరు మ్యాటు పరిచి, చక్రం నొక్కి లాగితే చుక్కలు అవతలి వైపు ఉబ్బుతాయి. అంటే గీసేది వెనకవైపు, తడిమేది ముందువైపు, కుడిఎడమలు తారుమారు. కిందికి దిగే డిమాండ్ రేఖ (ఏ ధరకు ఎంత కొంటారో చూపేది) కావాలంటే వెనకవైపు పైకెక్కే గీత గీయాలి, అచ్చం ఏ ధరకు ఎంత అమ్ముతారో చూపే సప్లై రేఖలాగా. నిలువు గీతను కుడిచేతి వైపు వేయాలి. రెండు రేఖలూ ఒకదాన్నొకటి కోసుకునే బొమ్మ తిప్పినా అలాగే ఉంటుంది, కాకపోతే ఏది డిమాండో ఏది సప్లైయో మారిపోతుంది. అందుకని డిమాండ్‌ను చుక్కలతోనే ఉంచి, సప్లై మీద ముందువైపు నుంచి ఫెవికాల్‌తో పురికొస అతికించాను. వేలికి తేడా వెంటనే తెలుస్తుంది. రెండు రేఖలూ కలిసే సమతౌల్య బిందువు దగ్గర ఒక రాళ్ల బొట్టుబిళ్ల. ధర, పరిమాణం అనే పేర్లు అమ్మాయే బ్రెయిలీ స్లేటు మీద పొడిచి ముక్కలు కత్తిరించి అతికించింది.

తర్వాత తను ఆ బొమ్మను చదివిన తీరు చూడాలి. ఎడమ చూపుడువేలు మూలబిందువు మీద ఆపి ఉంచింది, తప్పిపోతే తిరిగి రావడానికన్నమాట. కుడిచేత్తో రేఖ వెంట మెల్లగా కిందికి దిగింది. చివరికొచ్చి, చుక్కలు అడ్డగీతకు తగలకముందే ఆగిపోవడం గమనించింది. "మేడమ్, రేఖ ఇక్కడ ఆగిపోయిందా, లేక గీత దాకా వెళ్తుందా? వెళ్తే, ధర సున్నా అయినా అంతకంటే ఎక్కువ అడగరనా అర్థం?" అని అడిగింది. పైకి వెళ్లి నిలువు గీత దగ్గర కూడా అదే అడిగింది: అక్కడ తగిలితే ఆ ధరకి ఎవరూ కొనరన్నట్టేనా? చూపున్న పిల్లలు ఈ ప్రశ్న నన్ను ఎప్పుడూ అడగలేదు. పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటే అలా దించేసుకుంటారు. ఆ రోజు సిలబస్ పక్కనపెట్టి క్లాసంతా రేఖ రెండు కొసల గురించే మాట్లాడుకున్నాం.

ఒక్కో బొమ్మకు ఒక్కో షీటు చేస్తూ పోతే ఓపిక చాలదు. పైగా షీటు మీద రేఖ కదలదు. అందుకే రెండో రకం బోర్డు: థర్మోకోల్ షీటు, గుండుసూదులు, ఊలు, పురికొస. రెండు సూదులకు ఊలు బిగిస్తే రేఖ. డిమాండ్ రేఖ మీద కదలడానికీ, రేఖే జరగడానికీ ఉన్న తేడా ఏటా పిల్లలకు కొరకరాని కొయ్యే. బోర్డు మీద అది చేతికి తెలిసిపోయింది. ఆ వస్తువు ధరే మారితే బొట్టుబిళ్ల ఊలు వెంట జరుగుతుంది, సూదుల జోలికి పోకూడదు. ధర కాక ఇంకేదైనా మారితే సూదులు పీకి పక్కకు గుచ్చాలి.

ఉదాహరణకు టమాటాను తీసుకున్నాం. 2023 జూలైలో కిలో వంద దాటిపోయిన సంగతి పిల్లలందరికీ గుర్తే. పంట తగ్గింది, కాబట్టి సప్లై పురికొస ఎడమవైపుకు. టమాటా డిమాండ్ రేఖ ఉన్నచోటే ఉంది, దాని మీద బొట్టుబిళ్ల పైకి జరిగింది. ఇంకో బోర్డు మీద చింతపండు పెట్టాం. దాని ధర మారకపోయినా చారులోకి అదే వాడేవాళ్లు పెరిగారనుకుంటే, ఊలు సూదులు కుడివైపుకు. ఒకడు లేచి, "మరి కందిపప్పో మేడమ్? టమాటా పప్పు చేసుకోవడం మానేస్తే అది ఎడమకే కదా" అన్నాడు. కాంప్లిమెంటరీ వస్తువుల (కలిపి వాడేవాటి) పాఠం నేను ఇంకా మొదలుపెట్టనే లేదు.

ఆ బోర్డులు ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గర ఉండట్లేదు. ఇంటర్వెల్‌లో తలా ఒకటి పట్టుకుపోతున్నారు, సూదులు తగ్గిపోతున్నాయి. ఆమెకు కావలసినప్పుడు దొరకడం లేదని ఫిర్యాదు చేసింది. తనకంటూ ఒకటి విడిగా చేసి ఇచ్చాను.

ఫిబ్రవరి, మిరపకోతలు

అనుకున్నట్టే బెంచీలు ఖాళీ. తిట్టి లాభం లేదు. కూలి డబ్బు ఆ ఇంటికి ఎంత అవసరమో మాకు తెలుసు.

ప్రతి పాఠానికీ ఒక చిన్న ఆడియో చేసి క్లాసు గ్రూపులో పెడుతున్నాను. క్లాసంతా రికార్డు చేసి పెడితే ఎవరూ వినరు, ఆ పని చేసినవాళ్లను అడిగితే చెబుతారు. ఇందులో ఒకే ప్రశ్న, దాని జవాబు, చివర్లో ఒక లెక్క. బొమ్మ ఉంటే అంకెలతో మాటల్లో చెప్పడం. అది జనవరిలోనే అలవాటైంది కాబట్టి ఆడియో కోసం కొత్తగా కష్టపడింది లేదు. చేలో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటున్నామని ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఒకమ్మాయి వాళ్లమ్మ కూడా వింటోందట. "మిరపకాయలు అందరూ ఒకేసారి యార్డుకు తెస్తే రేటు పడుతుందని చెప్పడానికి కాలేజీ ఎందుకు" అందట. సప్లై పాఠానికి అంతకంటే మంచి సమీక్ష నాకు రాదు.

వినికిడి తక్కువైన అబ్బాయికి ఆడియో ఎందుకూ పనికిరాదు. అదే విషయాన్ని ఒక పేజీ రాతగా కూడా పెట్టాలి. మొదటి ఒకటి రెండు ఆడియోలకు పేజీ ఆలస్యమైంది, ఇప్పుడు పేజీ ముందు రాసుకుని దాన్నే చూసి చదువుతున్నాను. పని తగ్గింది.

ఫిబ్రవరి చివర, రాంపు గొడవ

చిన్న ఎంట్రీ. మా బ్లాకు ముందు రాంపు ఉంది. ఎంత నిటారుగా ఉందంటే అటెండర్ సైకిలు ఎక్కించడానికి కూడా ఊపు కావాలి. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. మాది అందులో సగం కూడా లేదు, దాని మీద ఎప్పుడూ రెండు బైకులు. ఇంటర్నల్ మీటింగులో అంటే, "మన కాలేజీలో వీల్‌చైర్ పిల్లలే లేరు కదా" అన్నారు. ఆ రాంపు చూసినవాళ్లు ఎవరైనా ఇక్కడ చేరతారా? 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రతి తీసి చూపించాను. ఇలాంటి ప్రమాణాలు 'ఇష్టముంటే పాటించండి' అన్నట్టు ఉండకూడదు, తప్పనిసరి చేయాలని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో పరిశీలన చేసి నివేదిక ఇచ్చింది హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వైకల్య అధ్యయన కేంద్రమే. బైకులు తీశారు. రాంపు ఎస్టిమేటులో ఉంది.

మార్చి, అసైన్‌మెంట్లు

ఇప్పటిదాకా ఇచ్చినవి పిల్లలు తీసుకునేవి. ఇప్పుడు వాళ్లు తిరిగి చూపించేవి.

ప్రశ్న ఒకటే: మీ ఊళ్లో ఒక వస్తువు తీసుకుని, దాని డిమాండ్ వ్యాకోచత్వం (ధర మారితే కొనేది ఎంతగా మారుతుందన్నది) ఎక్కువో తక్కువో కారణాలతో చెప్పండి. రాసి ఇవ్వొచ్చు, ఆడియో పంపొచ్చు, థర్మోకోల్ బోర్డు మీద చూపిస్తూ నాకు చెప్పొచ్చు. తెలుగైనా ఇంగ్లీషైనా సరే, సాంకేతిక పదాలు మాత్రం ఇంగ్లీషులో కూడా రావాలి. మార్కులు వేసే పద్ధతి అన్నింటికీ ఒకటే: వస్తువు ఎంపికకు, కారణాలకు, లెక్కకు, ఎదురు ప్రశ్నకు జవాబుకు. ఎదురు ప్రశ్న తప్పదు. ఎవరు ఏ రూపంలో ఇచ్చినా రెండు నిమిషాలు నా ముందు కూర్చోవాలి. చాట్‌జీపీటీ కాలంలో ఇది లేకుండా కుదరదు.

వచ్చినవాటిలో మూడొంతులు రాతే. స్వేచ్ఛ ఇస్తే ఎగిరి గంతేస్తారనుకోవడం భ్రమ. "ఆడియో పంపితే మార్కులు తగ్గించరు కదా మేడమ్?" అని అడిగినవాళ్లే ఎక్కువ. పన్నెండేళ్లు ఒకే దారిలో నడిపించి, ఇప్పుడు మూడు దార్లు చూపిస్తే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

ఒక్కడి సంగతి మాత్రం ఇక్కడ రాయాలి. చేతిరాత అక్షరాలు తారుమారు, సగం వాక్యాలు, ఇంటర్నల్స్‌లో ఎప్పుడూ అత్తెసరు మార్కులు. కావాలనే చదవడు అనుకునేవాళ్లం. వాళ్ల నాన్న నడిపే టీ బంకు మీద ఆడియో పంపాడు. టీ ధర రెండు రూపాయలు పెంచినప్పుడు రోజూ వచ్చేవాళ్లు తగ్గలేదు, బస్సు దిగి తాగేవాళ్లు తగ్గారు, కాబట్టి ఒకే టీకి రెండు రకాల వ్యాకోచత్వం ఉందని చెప్పాడు. ఎదురు ప్రశ్నలకు తొణకలేదు. ఇలాంటి పిల్లలకు డిస్లెక్సియా ఉందో లేదో మేం తేల్చలేం. మా చుట్టుపక్కల పరీక్ష చేసేవాళ్లు లేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యాస వైకల్యాలూ ఉన్నాయి గానీ, సర్టిఫికెట్ లేకుండా ఏ తలుపూ తెరుచుకోదు. అసైన్‌మెంట్‌కి మాత్రం సర్టిఫికెట్ అక్కర్లేదు కదా. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చిన గుణం ఇదే. ఎవరూ తమ కష్టాన్ని కాగితంతో రుజువు చేసుకోనక్కర్లేదు.

రెండో అసైన్‌మెంట్‌కి ఆడియోలు పెరిగాయి. వినడానికి నాకు పట్టే టైమూ పెరిగింది. రాసిన పేపరైతే కళ్లు పరుగెత్తిస్తాం, ఆడియోను పరుగెత్తించలేం. ఒకటిన్నర వేగంలో వినడం అలవాటు చేసుకున్నాను. అయినా ఇంత క్లాసుకి మూడో అసైన్‌మెంట్ ఈ రకంగా పెట్టలేను, ఒప్పుకోవాల్సిందే. దాన్ని జంటల పనిగా మార్చాను.

ఏప్రిల్, పరీక్ష

ఇన్ని చేసినా మార్కుల్లో పెద్ద వాటా సెమిస్టర్ చివరి రాతపరీక్షది. అది నా చేతుల్లో లేదు.

అమ్మాయికి స్క్రైబ్, అంటే తను చెబితే జవాబులు రాసిపెట్టే మనిషి, దొరికింది, గంటకు 20 నిమిషాల లెక్కన మూడు గంటల పరీక్షకు ఇంకో గంట ఇస్తారు. ఆ విషయంలో ఇబ్బంది లేదు. అసలు చిక్కు ప్రశ్నల్లో ఉంది. "పటం సహాయంతో వివరించండి" అని ఉన్న ప్రశ్నకు తను ఏం చేయాలి? స్క్రైబ్‌కి "ఎడమ పై నుంచి కుడి కిందికి ఒక గీత గీయండి" అని చెప్పగలదు, ఈ సెమిస్టర్‌లో అది సాధించింది. కానీ స్క్రైబ్ గీసింది సరిగా ఉందో లేదో తను చూసుకోలేదు. చూపుతో పనిపడే ప్రశ్నలకు బదులు వేరే ప్రశ్న ఇవ్వాలని కేంద్రం 2018 ఆగస్టులో ఇచ్చిన పరీక్షల మార్గదర్శకాల్లోనే ఉంది. మా పాత ప్రశ్నపత్రాలు తిరగేస్తే అలాంటి ప్రత్యామ్నాయం ఒక్కచోటా కనిపించలేదు.

ప్రిన్సిపాల్ గారి ద్వారా పరీక్షల విభాగానికి ఉత్తరం రాశాను. ఊరికే ఫిర్యాదు చేస్తే ఫైల్లో పడుంటుందని, మాదిరి కూడా జతచేశాను: పటం అడిగిన ప్రతి ప్రశ్న పక్కన, అదే విషయాన్ని అంకెల పట్టిక ఇచ్చి అడిగే ఇంకో ప్రశ్న. ఆ పట్టిక ప్రశ్న అందరికీ ఐచ్ఛికంగా ఉండాలని కోరాను. ఒక్కరికి వేరే పేపరు ముద్రించడం కంటే అది తేలిక, బొమ్మ గీయడం రాని మిగతావాళ్లకూ దారి దొరుకుతుంది.

ప్రీ-ఫైనల్ నేనే పెట్టాను కాబట్టి అందులో ఆ పద్ధతి వాడాను. పట్టిక ప్రశ్న సులువని అందరూ దాని మీదే పడతారని మా సీనియర్ మాస్టారు అన్నారు. పడలేదు. లెక్కంటే భయపడేవాళ్లు పటమే ఎంచుకున్నారు. పటం బట్టీపట్టి దించేవాళ్లు, పట్టిక నుంచి తేల్చేవాళ్లు ఎవరెవరో కూడా తేటగా తెలిసింది. అది చూసి ఆయన తన పేపర్లో ఒక ప్రశ్న అలా పెడతానన్నారు.

మే

పరీక్షల విభాగం నుంచి జవాబు వచ్చింది. స్క్రైబ్, అదనపు గంట ఖాయం. ప్రశ్నల మార్పు సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ చూడాల్సిన విషయమట, వచ్చే మీటింగు అజెండాకు పంపమన్నారు. పంపాను. ఈసారి పరీక్షకు అందదు. అమ్మాయికి చెబితే, "పటం ప్రశ్నొస్తే గీత ఎక్కడ నుంచి ఎక్కడికో అంకెలతో స్క్రైబ్‌కి చెప్పి, అవే అంకెలు జవాబులో కూడా రాయిస్తా మేడమ్. గీత వంకరపోయినా దిద్దేవాళ్లకు లెక్క కనిపిస్తుంది కదా" అంది. అలాగే ప్రాక్టీసు చేస్తోంది.

వచ్చే సెమిస్టర్ పేపరు వేరే లెక్చరర్ చెబుతారు. యూనికోడ్ నోట్సు, ఆడియోలు, వాటి రాతప్రతులు, పట్టిక ప్రశ్నలు ఒక డ్రైవ్ ఫోల్డర్‌లో సర్ది ఆయనకు ఇచ్చాను. మాక్రో పాత నోట్సు ఇంకా అను ఫాంట్‌లోనే ఉంది. వేసవి సెలవుల్లో జాతీయాదాయం యూనిట్ వరకైనా మార్చాలి. ఈసారి పెద్ద తలనొప్పి టేబుళ్లది. ఎవరో కలిపేసిన గళ్లన్నీ విడదీసి, ప్రతి నిలువు వరసకూ పైన పేరు పెట్టాలి, లేకపోతే స్క్రీన్ రీడర్ ఏ అంకె ఏ సంవత్సరానిదో చెప్పలేదు. టీ బంకు అబ్బాయి సాయం వస్తానన్నాడు. అతనికి మొదటి టేబులు పంపించాను.